పిస్టల్‌లో పేరుకున్న నూనె

సోమవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. దైవాశీర్వాదం కాఫీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని డాక్టర్ గోపీనాథ్ గరాజ్‌లో అడుగు పెట్టేసరికి, ప్రత్యర్థి అప్పటికే వచ్చి నీలం గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు.

"అంకుల్, అక్కడే ఆగండి. ఇది నా సీన్," అన్నాడు డిటెక్టివ్ సిద్ధార్థ్.

"నీదే నాయనా. నేనేం ఎత్తుకుపోనులే," అంటూ దైవాశీర్వాదం డాక్టర్ గారి లాయరిచ్చిన ఉత్తరం తీసి చూపించి, గోడకి ఆనించి ఉన్న మడత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సిద్ధార్థ్‌కి ముప్ఫై ఒక్కేళ్ళు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, పోలీసుల్లో చేరి, రెండేళ్ళ క్రితం డిటెక్టివ్ అయ్యాడు. దైవాశీర్వాదానికి అరవై ఏడు. బాపట్ల నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళపాటు ఒక ల్యాబ్‌లో ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో పరిశోధిస్తూ జీతం తీసుకున్న మనిషి. రిటైరయ్యాక ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకుంటే ఆష్‌బర్న్‌లోని తెలుగువాళ్ళందరూ నవ్వారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వాడు. తుప్పుకి కారణం వెతకడం, తప్పుకి కారణం వెతకడం రెండూ ఒకే పని అని ఆయన నమ్మకం. పైగా రెండో పనిలో ఎవరింటికి వెళ్ళినా మంచి కాఫీ దొరుకుతుంది.

"టైమ్‌లైన్ చెప్పనా?" అన్నాడు సిద్ధార్థ్. వాడి తెలుగు కొంచెం అమెరికాలో నానినట్టుంటుంది గానీ, మాటలో తడబాటు లేదు. "శనివారం పదకొండున్నర, షూటింగ్ రేంజ్. డాక్టర్ అంకుల్, కృష్ణమోహన్ అంకుల్ ఫైట్ చేసుకున్నారు. 'ఇంకోసారి ఆ మాటంటే దీంతోనే నిన్ను కాలుస్తా' అన్నారు డాక్టర్ అంకుల్. పది మంది విన్నారు. ఆదివారం సాయంత్రం ఆరూ నలభై. కృష్ణమోహన్ అంకుల్ సన్‌రూమ్‌లో కూర్చుని టీవీ చూస్తున్నారు. బయట హెడ్జ్ పొదల దగ్గర్నుంచి ఒక షాట్. కిటికీ గ్లాస్ బ్రేక్ అయింది. బుల్లెట్ ఆయన చెవి పక్కనుంచి వెళ్ళి గోడలో దిగింది. హెడ్జ్ కింద ఖాళీ షెల్ దొరికింది. ఈ ఇంట్లో ఉన్న పిస్టల్‌కి సరిగ్గా ఫిట్ అయ్యే షెల్. ఇంకేం కావాలి?"

"ఆ షెల్ ఒకసారి చూపిస్తావా?"

"ఎవిడెన్స్, అంకుల్. చూపించను. మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్తుంది. మూడింటికి వారెంట్."

గుమ్మం దగ్గర నిలబడ్డ గోపీనాథ్ ఆ మాటకి చేతి గడియారం చూసుకున్నాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, గుండెల డాక్టరుగా పేరు తెచ్చుకుని రిటైరైనవాడు, బట్టతల, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఇవాళ చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. మనవలూ మనవరాళ్ళూ ఏడుగురు ఈ ఇంటికే వస్తారు. వాళ్ళొచ్చేసరికి తాత జైల్లో ఉంటే ఎలా అన్నది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది.

"నలభై ఏళ్ళ స్నేహం, ఆశీర్వాదం. నేను చంపబోయానని మోహన్ నమ్ముతున్నాడా? అది చెప్పు ముందు. మిగతాది లాయరు చూసుకుంటాడు."

"అది కనుక్కోవడానికే వచ్చాను. కూర్చోండి డాక్టర్ గారూ. శనివారం రేంజ్ నుంచి వచ్చాక ఏం జరిగిందో వరసగా చెప్పండి."

జరిగేది ప్రతి శనివారం ఒకటే. గోపీనాథ్, నాలుగిళ్ళ అవతల ఉండే ఇంజనీర్ కృష్ణమోహన్, పక్క వీధి హనుమయ్య, ఈ ముగ్గురికీ పాత సైన్యాల పిస్టళ్ళంటే సరదా. ఎక్కడో తూర్పు యూరప్‌లో ఏ సిపాయి నడుముకో వేలాడి, చివరికి ఇక్కడి దుకాణాల్లోకి వచ్చిన పిస్టళ్ళు. తూటాలూ ఆ కాలంవే. పాత డాల్డా డబ్బాలాంటి రేకు డబ్బాలో సీలు వేసి వస్తాయి. ఆ తూటాలతో ఒక చిక్కు ఉంది. పేలగానే బ్యారెల్‌లో ఉప్పు మిగులుతుంది. అది నూనెకి పోదు, నీళ్ళకే కరుగుతుంది. కడగకుండా వదిలేస్తే గాలిలో తేమ తాగి, తెల్లవారేసరికి ఇనుము మీద ఎర్రటి పొర కడుతుంది. అందుకని రేంజ్ నుంచి నేరుగా ఈ గరాజ్‌కి వచ్చి, పిస్టల్ విప్పి, మరిగే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, అప్పుడు గానీ ముగ్గురూ కాఫీ తాగరు. తుప్పు మీద ముప్ఫై ఏళ్ళు బతికిన దైవాశీర్వాదానికి ఈ తతంగం చూస్తే ముచ్చటేస్తుంది.

"ఒంటిగంటకల్లా కడగడం అయింది," అన్నాడు గోపీనాథ్. "దెబ్బలాడుకున్నా కడగడం మానలేదు. ముగ్గురం మాట్లాడుకోకుండా కడిగాం. బీరువాలో పెట్టి తాళం వేశాను."

"తాళంచెవి?"

"వంటింట్లో కేలండర్ వెనకాల."

"గరాజ్ తలుపు కోడ్?"

"వన్ నైన్ సెవెన్ త్రీ. నేను అమెరికా వచ్చిన సంవత్సరం."

"ఆ కోడ్ తెలియనివాడు ఈ వీధిలో పోస్ట్‌మన్ ఒక్కడే," అన్నాడు దైవాశీర్వాదం. "ఆదివారం మీరు ఇంట్లో లేని టైమ్?"

"పన్నెండు నుంచి రెండున్నర దాకా గుడిలో ఉన్నాను. ఇవాళ పొద్దున ఆరుంపావు నుంచి ఏడుంపావు దాకా వాకింగ్. మా ఆవిడ నళిని శుక్రవారమే ఎడిసన్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. నిన్న సాయంత్రం ఒక్కణ్ణే ఉన్నాను. సాక్షి ఎవరూ లేరు."

"సీ?" అన్నాడు సిద్ధార్థ్.

దైవాశీర్వాదం లేచి తూటాల డబ్బా దగ్గరికి వెళ్ళాడు. ముట్టుకోకుండా వంగి, కళ్ళజోడు పైకెత్తి, పైన ఉన్న ఇత్తడి తూటా అడుగు చదివాడు. "యాభై రెండు. డబ్బా అంతా ఇదేనా?"

"ఏడొందలూ అదే. పంతొమ్మిది వందల యాభై రెండు. సీలు నేనే విప్పాను," అన్నాడు గోపీనాథ్ కొంచెం గర్వంగా. జైలు ముంచుకొస్తున్నా, సేకరణ గురించి అడిగితే ఆ మనిషి మొహం వెలుగుతుంది.

సిద్ధార్థ్ బీరువాలోంచి పిస్టల్ బయటికి తీశాడు. నల్లటి, బరువైన, ఏ అలంకారమూ లేని పిస్టల్.

"స్లైడ్ వెనక్కి లాగు నాయనా. ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకో."

"నాకు తెలుసు అంకుల్, నేను పోలీస్," అంటూ సిద్ధార్థ్ లాగాడు. స్లైడ్ రాలేదు. ఇంకొంచెం బలంగా లాగాడు. సగం వచ్చి, బద్ధకంగా మిగతా సగం వచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇది వెన్నలా జారేది!" అన్నాడు గోపీనాథ్ గుమ్మంలోంచి.

సిద్ధార్థ్ టార్చి వేసి చూశాడు. బ్యారెల్ బయటా, స్లైడ్ గాడుల్లోనూ తెల్లటి పొర ఉంది. "గ్రీజు," అన్నాడు.

"పాత మిలటరీ గ్రీజు గోధుమ రంగు. తెల్లగా ఉండదు. నీ దగ్గర దూది పుల్లలుంటాయిగా, రెండు తీసుకో. ఒకటి నీ ల్యాబ్‌కి. రెండోది నా కోసం వృథా చెయ్యి."

సిద్ధార్థ్ కాసేపు ఆలోచించి, ఒక పుల్ల సంచిలో వేసి సీలు చేశాడు. రెండో పుల్ల మీదికి కొంచెం తెల్ల పదార్థం తీశాడు. దైవాశీర్వాదం ఫ్లాస్కు మూత తిప్పి, పొగలు వచ్చే కాఫీ ఒంపాడు.

"ఆ పుల్ల దీని పైన పట్టుకో. ముంచకు, నేను తాగాలి."

మూడు సెకన్లలో తెల్లపొర నీళ్ళలా కరిగి దూదిలోకి ఇంకిపోయింది. సన్నటి వాసన వచ్చింది. సిద్ధార్థ్ ముక్కు ఎగబీల్చాడు. ఆ వాసన వాడికి తెలుసు. ఆరో క్లాసు దాకా ప్రతి ఆదివారం వాడి తలకి వాళ్ళమ్మ బలవంతంగా రాసిన వాసన అది.

"కోకోనట్ ఆయిల్!"

"మెంతులూ మందారాకూ వేసి కాచిన కొబ్బరినూనె," అని సరిదిద్దాడు దైవాశీర్వాదం. "డెబ్భై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ కింద గడ్డకడుతుంది. ఈ గరాజ్‌లో ఇప్పుడెంత?"

గోడ మీద థర్మామీటర్ నలభై నాలుగు చూపిస్తోంది. దాని కిందే షెల్ఫు మీద గోపీనాథ్ వాడే తుపాకి నూనె సీసా ఉంది. సగం నిండి, పల్చగా, హాయిగా ఉంది.

"చేతికి అందే దూరంలో అసలు నూనె ఉండగా, డాక్టర్ గారు తలకి రాసుకునే నూనె ఎందుకు రాస్తారు నాయనా? ఇది ఈ గరాజ్‌లో కడిగింది కాదు. వేరే ఇంట్లో కడిగి, చేతికి దొరికిన నూనె రాసి, తెచ్చి ఇక్కడ పెట్టారు. రాసినప్పుడు ఆ ఇల్లు వెచ్చగా ఉంది కాబట్టి నూనె మంచిదే అనుకున్నారు."

"హడావిడిలో లోపల బాత్‌రూమ్‌లో కడిగుండొచ్చు. నూనె అక్కడిదే అయ్యుండొచ్చు."

"నా తల చూసే అంటున్నావా బాబూ?" అన్నాడు గోపీనాథ్. "నళినికి జిడ్డు పడదు. ఈ ఇంట్లో కొబ్బరినూనె కొని పదేళ్ళయింది."

సిద్ధార్థ్ నమ్మలేదు. లోపలికి వెళ్ళి ఎనిమిది నిమిషాలు వెతికాడు. మూడు బాత్‌రూములు, వంటిల్లు, ఆఖరికి పూజగది. నువ్వులనూనె, ఆలివ్ నూనె కనిపించాయి గానీ, కొబ్బరినూనె చుక్క కూడా దొరకలేదు. తిరిగొచ్చేసరికి వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఓకే. ఎవరో తీసుకెళ్ళి, కాల్చి, కడిగి, వెనక్కి పెట్టారు. ఎవరు?"

"అది కూడా పిస్టలే చెప్తుంది. బ్యారెల్ లోపల టార్చి వెయ్యి."

"క్లీన్. షైనింగ్."

"మరి స్లైడ్ లోపల, తూటా అడుగు ఆనే చోటు?"

సిద్ధార్థ్ పిస్టల్ తిప్పి చూశాడు. నాణెం అంత జాగాలో నారింజ రంగు పొడి తేలి ఉంది.

"అది తుప్పు," అన్నాడు దైవాశీర్వాదం, పాత స్నేహితుడు ఎదురైనంత సంతోషంగా. "నువ్వు ఆరో క్లాసు సైన్స్ ఫెయిర్‌కి ఉప్పు నీళ్ళలో మేకులు నానబెట్టి రెండో బహుమతి తెచ్చుకున్నావే, అదే ఇది. ఉప్పు అక్కడా చిమ్ముతుంది. అక్కడ బ్రష్షు పెట్టి కడగాలి. కడిగినవాడికి ఆ సంగతి తెలియదు. కానీ బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పొయ్యడం మాత్రం అద్భుతంగా తెలుసు. డాక్టర్ గారూ, శనివారాలు ఎవరి పని ఏమిటి?"

గోపీనాథ్ గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకి వేశాడు. "బ్రష్షూ నూనే నావి. హనుమయ్య పాత లుంగీ గుడ్డలతో తుడుస్తాడు."

"నీళ్ళు?"

"కెటిల్... మోహన్ పడతాడు. అయిదేళ్ళుగా వాడి చేత కెటిల్ తప్ప ఇంకేదీ ముట్టుకోనివ్వలేదు నేను. శనివారం దెబ్బలాట కూడా దాని మీదే. గురి కాగితానికి ఒక్క గుండూ తగల్లేదని, 'నీకు కెటిల్ పట్టుకోవడం తప్ప ఏం వచ్చు' అన్నాను. 'నీది పాత ఇనుపముక్క' అన్నాడు వాడు. ఆ మీదట నాకు ఒళ్ళు మండి..."

"హనుమయ్య గారు ఎక్కడ?"

"శనివారం సాయంత్రం ఫ్లైట్‌కి కాలిఫోర్నియాలో శాన్ రామన్ వెళ్ళాడు. కొడుకు కొత్తింట్లోకి వెళ్తున్నాడు."

సిద్ధార్థ్ పకపకా నవ్వాడు. "అంకుల్! విక్టిమ్ తన మీద తనే కాల్చుకుని, మళ్ళీ గన్ క్లీన్ చేశాడంటారా? ఇది ప్రాసిక్యూటర్ ఆఫీస్‌లో చెప్తే నన్ను మళ్ళీ ట్రాఫిక్‌లో పెడతారు."

"నేనింకా ఏమీ అనలేదుగా. నాలుగిళ్ళ దూరమే. నడుద్దాం రా. గిరిజ గారి కాఫీ బాగుంటుంది."

పదకొండూ పదిహేనుకి గిరిజ తలుపు తీసింది. కృష్ణమోహన్ భార్య, స్కూల్ టీచరుగా చేసి మానేసిన మనిషి. నిద్ర లేక కళ్ళు ఉబ్బినా, వచ్చినవాళ్ళకి కాఫీ పెట్టకుండా మాట మొదలుపెట్టదు. చుట్టూ అద్దాలుండే సన్‌రూమ్‌లో పగిలిన కిటికీకి ప్లాస్టిక్ పట్టా టేపుతో అంటించి ఉంది. ఎదుటి గోడలో పోలీసులు గుండు తవ్వి తీసిన గుంట. దాని పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కృష్ణమోహన్ కూర్చున్నాడు. ముందు బల్ల మీద ఏడు గళ్ళ మాత్రల పెట్టె.

"గోపీని అరెస్ట్ చేస్తారా?" అన్నాడు రాగానే. పలకరింపు కూడా లేదు.

"మూడింటికి," అన్నాడు సిద్ధార్థ్.

కృష్ణమోహన్ మొహం పాలిపోయింది. దైవాశీర్వాదం అది గమనించి కాఫీ ఒక గుక్క తాగాడు. తన మీద కాల్చినవాణ్ణి పట్టుకెళ్తారంటే మనిషి సంతోషించాలి కదా.

"గిరిజ గారూ, నిన్న చప్పుడు వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"మేడ మీద చీరలు మడతపెడుతున్నానండీ. ధన్‌మని చప్పుడు, వెంటనే ఇంకోటి. పరుగెత్తుకుంటూ దిగితే, ఈయన గది మధ్యలో నిలబడి వణుకుతున్నారు. కింద అంతా గాజు. ఏమైందంటే ఎవరో కాల్చారన్నారు. నేను వెంటనే పోలీసులకి 911 కొట్టేశాను."

"ఎకో, అంకుల్," అన్నాడు సిద్ధార్థ్. "నిన్నే చెప్పాను ఆంటీకి. ఒక్కటే షెల్ దొరికింది, గోడలో ఒక్కటే హోల్."

"అంతేలే," అన్నాడు దైవాశీర్వాదం. "అమ్మా, మీరు కాచే తలనూనె మా ఆవిడ ప్రిస్సిల్లా దగ్గర అయిపోయింది. ఉంటే కొంచెం ఇస్తారా?"

ఇలాంటి వేళ నూనె అడిగే మనిషిని గిరిజ ఎప్పుడూ చూడలేదు. అయినా లోపలికి వెళ్ళి పొయ్యి పక్కనున్న సీసా తెచ్చింది. తెచ్చి, వెలుగులో పట్టుకుని, కళ్ళు చిట్లించింది.

"ఇదేంటి, మొన్ననేగా నిండా పోశాను! సగమైంది."

దైవాశీర్వాదం సీసా తీసుకుని వాసన చూసి సిద్ధార్థ్‌కి అందించాడు. సిద్ధార్థ్ వాసన చూశాడు. వాడి మొహంలో నవ్వు పోయింది.

"కృష్ణమోహన్ గారూ," అన్నాడు దైవాశీర్వాదం మెత్తగా, "కెటిల్ పని మాత్రం చాలా బాగా చేశారు. బ్యారెల్ అద్దంలా ఉంది."

కృష్ణమోహన్ శాలువా తీసి పక్కన పెట్టాడు. భార్య వైపు చూడలేక మాత్రల పెట్టె వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"నిన్న మధ్యాహ్నం గోపీ గుడికి వెళ్ళినప్పుడు తెచ్చాను. వాడు అన్న మాట మింగుడుపడలేదు. కాల్చాలని కాదు. సరిగ్గా పట్టుకోవడం, గురిచూడడం ప్రాక్టీస్ చేద్దామని. సాయంత్రం ఈవిడ మేడ మీదికి వెళ్ళాక, లైటు వేసుకుని ఈ కిటికీ బయటి చెక్క డెక్ మీదికి తీసుకెళ్ళాను. ఖాళీది పట్టుకుంటే బొమ్మలా అనిపించింది. గోపీ డబ్బాలోదే ఒక తూటా పెట్టాను. ఒక్కటే."

"పెట్టి?"

"అది పేలింది. నా వెనక కిటికీ పగిలింది. లోపలికి పరుగెత్తాను. నోటికొచ్చింది చెప్పాను. అబద్ధం సర్దుకునే లోపల ఈవిడ ఫోన్ కొట్టేసింది, పదిహేను నిమిషాల్లో పోలీసులు. పిస్టల్ బియ్యం డబ్బాలో దాచాను. వాళ్ళు వెళ్ళాక కడిగి, పొద్దున గోపీ వాకింగ్‌కి వెళ్ళినప్పుడు పెట్టేశాను. మన గోపీ మీదికి వస్తుందని నాకేం తెలుసు? ఎలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ చస్తున్నాను."

"తిండి బియ్యంలో తుపాకీ పెట్టారా?" అంది గిరిజ. ఆ క్షణంలో ఆవిడకి అన్నిటికంటే పెద్ద నేరం అదే అయింది. తర్వాత ఒక్కసారిగా కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియకుండా ఊగిపోయింది. "వెళ్ళి గోపీనాథ్ గారి కాళ్ళ మీద పడండి ముందు."

దైవాశీర్వాదానికి కడుపు నిండినట్టయింది. ఒక స్నేహితుడు జైలుకి వెళ్ళడు. ఇంకో స్నేహితుడు మూర్ఖుడే గానీ దుర్మార్గుడు కాదు. గురువారం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటారు, శనివారం మళ్ళీ దెబ్బలాడుకుంటారు. ఇంతకంటే మంచి సోమవారం ఆయన ఈ ఏడాదిలో చూడలేదు.

సిద్ధార్థ్ మాత్రం నోట్‌బుక్ బల్ల మీద కొట్టాడు. "ఇది ఫాల్స్ రిపోర్ట్, అంకుల్! హెడ్జ్ కింద షెల్ కూడా మీరే వేశారా? మమ్మల్ని మిస్‌లీడ్ చెయ్యడానికి?"

కృష్ణమోహన్ తల ఎత్తాడు. "షెల్లా? నేను వెయ్యలేదే. నాది వెంటనే ఏరుకున్నాను."

మాత్రల పెట్టెలో ఆదివారం గడి మూత తీసి, అంగుళం పొడవు ఇత్తడి గొట్టం బల్ల మీద పెట్టాడు.

దైవాశీర్వాదం కాఫీ కప్పు కింద పెట్టేశాడు. సగం కాఫీ అలా వదిలేయడం ఆయన జీవితంలో అరుదు. జేబులోంచి భూతద్దం తీసి గొట్టం అడుగు చూశాడు. యాభై రెండు.

"సిద్ధార్థ్. ఇప్పుడు నీ షెల్ చూపించు నాయనా."

ఈసారి వాడు ఎవిడెన్స్ అనలేదు. బ్యాగ్‌లోంచి సీలు వేసిన ప్లాస్టిక్ కవరు తీసి పక్కన పెట్టాడు. అదే రంగు, అదే పొడవు, అదే ఇత్తడి. దైవాశీర్వాదం భూతద్దం వాడి చేతికే ఇచ్చాడు.

"అడుగున ఏముంది?"

"ఫిఫ్టీ... ఫోర్." సిద్ధార్థ్ కవరు వెలుగులోకి తిప్పాడు. "యాభై నాలుగు."

"డాక్టర్ గారి డబ్బాలో యాభై నాలుగు లేదు. ఏడొందలూ యాభై రెండే." దైవాశీర్వాదం కృష్ణమోహన్ వైపు తిరిగాడు. ఆయన గొంతులో సరదా పోయింది. "నిన్న డెక్ మీద మీరు ఎటు తిరిగి నిలబడ్డారు?"

"హెడ్జ్ వైపు. కిటికీ నా వెనకాల ఉంది."

"పిస్టల్?"

"రెండు చేతుల్తో పట్టుకుని... కిందికి. పాదాల ముందుకి."

"కిందికి పట్టుకున్న పిస్టల్ పేలితే మీ వెనక కిటికీ ఎలా పగిలింది?"

"దేనికో తగిలి ఎగిరిందనుకున్నాను. ధన్‌మంది, నా చెయ్యి అదిరింది, అద్దం పగిలింది. అన్నీ ఒక్కసారే అయ్యాయి, ఆశీర్వాదం గారూ. ఏది ముందో నాకు తెలీదు."

సిద్ధార్థ్ అప్పటికే డెక్ మీదికి పరుగెత్తాడు. మేపుల్ ఆకులు మడమల లోతున రాలి ఉన్నాయి. నిన్న చీకట్లో వచ్చిన పోలీసులు కిటికీనీ గోడనీ హెడ్జ్‌నీ చూశారు గానీ, ఈ ఆకులు ఎవరూ తిప్పలేదు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఆకులు తోశాడు. రెండు నిమిషాల తర్వాత తోయడం ఆపేశాడు. చెక్కలో గుండ్రటి రంధ్రం ఉంది, చిటికెన వేలు దూరేంత. అందులో టార్చి వేస్తే అడుగున మసక వెలుగుతో సీసం ముక్క కనిపించింది.

కృష్ణమోహన్ కాల్చిన గుండు అది. ఎక్కడికీ ఎగరలేదు.

అంటే గోడలో దిగింది ఆయన గుండు కాదు. గిరిజ విన్నది ప్రతిధ్వని కాదు. మొదటి చప్పుడు హెడ్జ్ దగ్గర పుట్టింది. దానికి అదిరిపడి ఈయన వేలు బిగిసింది. రెండో చప్పుడు అది. చేతిలో పిస్టల్ ఉన్న మనిషి రెండూ తనవే అనుకున్నాడు.

సిద్ధార్థ్ లోపలికి వచ్చి ఈ మాటలు తన అమెరికా తెలుగులో చెప్తుంటే, దైవాశీర్వాదం ఒక్కటే అడిగాడు. "హెడ్జ్ నుంచి గోడలో గుంటకి గీత గీస్తే, డెక్ మీద నిలబడ్డ మనిషికి ఎక్కడ తగలాలి?"

సిద్ధార్థ్ కృష్ణమోహన్ ఎత్తు కళ్ళతో కొలిచాడు. చెయ్యి ఎత్తి, తన చెవి పక్కన పెట్టి చూపించాడు.

చెవి పక్కనుంచి వెళ్ళిందని పోలీసులకి చెప్పినప్పుడు అది కృష్ణమోహన్ అప్పటికప్పుడు అల్లిన మాట. అల్లుతూ సిగ్గుపడ్డ మాట. ఆయన చెయ్యి తెలియకుండానే చెవి మీదికి వెళ్ళింది. గిరిజ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"అయితే..." అన్నాడు కృష్ణమోహన్. "నేను చెప్పింది నిజమేనా?"

కాల్చినవాడెవడో ఇంకా బయటే ఉన్నాడు. దైవాశీర్వాదం లేచి, బయటికి ఎవరూ కనపడకుండా గదిలో కిటికీల తెరలు ఒక్కొక్కటే వేస్తున్నాడు. సిద్ధార్థ్ అప్పటికే వెళ్ళి, కృష్ణమోహన్ కుర్చీకీ పగిలిన కిటికీకీ మధ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు.